ఫోన్లు దాచాం, చేతులెక్కడ దాస్తాం?

ఈ రోజు ఉదయం ప్రార్థన అయ్యాక నా గదిలో కూర్చుని సంతకాలు పెడుతుంటే, బీరువా పక్కనున్న స్టీలు బేసిను ఉన్నట్టుండి బుర్రుమంది. పొద్దున్నే పిల్లల దగ్గర తీసుకున్న ఫోన్లన్నీ అందులోనే ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి వణకడం మొదలుపెట్టింది. దాని వణుకుకి పక్కవి కూడా కదిలి, బేసిను అంచుకు తగిలి సన్నగా గలగలమన్నాయి. మూత పెట్టిన డబ్బాలో తుమ్మెద చిక్కుకుంటే వచ్చేలాంటి చప్పుడు. బాపట్లలో ఈ బడికి హెడ్మాస్టరుగా వచ్చినప్పటి నుంచి ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. ఈ రోజు మాత్రం ఎందుకో పెన్ను కింద పెట్టి కాసేపు అలాగే విన్నాను. విన్నకొద్దీ నవ్వొచ్చింది. రేపల్లెలో దయామణి మేడం గది, సున్నం వేసిన ఆ గోడలు, ఆవిడ గంజిపెట్టిన నూలు చీర పెళపెళ, ఎప్పుడూ ఆగని ఆ గొంతు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా బల్లకు అవతల కూర్చున్నట్టయింది.

దయామణి మేడంని మీరెవరూ చూసి ఉండరు. రేపల్లె దాటి ఆవిడ పేరు పెద్దగా వెళ్ళలేదు. నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఎయిడెడ్ హైస్కూలుకు ఆవిడ హెడ్మిస్ట్రెస్. ఊరు కర్లపాలెం దగ్గర. పెళ్ళి చేసుకోలేదు. పొట్టి మనిషి, వేగంగా నడిచేవారు, అంతకంటే వేగంగా మాట్లాడేవారు. నేను తెనాలి వాణ్ణి. పొద్దున్నే పాసింజరు బండెక్కి, వేమూరు దగ్గర కాలవల మీద తేలే పొగమంచు చూస్తూ, కొత్త మేష్టారి గాంభీర్యమంతా మొహాన పులుముకుని మొదటి రోజు ఆవిడ గదిలో అడుగుపెట్టాను. పిల్లల్ని క్రమశిక్షణలో ఎలా పెట్టాలో చెప్పడానికి రైల్లో రెండు మూడు వాక్యాలు కూడా తయారు చేసుకున్నాను. ఆవిడ నా కాగితాలు చూడకుండానే, "టిఫిన్ చేశారా మేష్టారూ?" అన్నారు. లేదండి అన్నాను. "అయితే ముందు అది కానివ్వండి. ఖాళీ కడుపుతో లెక్కలు చెబితే ప్రతి పిల్లాడూ వెధవలాగే కనపడతాడు" అని, తన క్యారేజీలోంచి రెండు ఇడ్లీలు మూతలో పెట్టి నా ముందుకు తోశారు. నేను తయారు చేసుకున్న వాక్యాలు ఆ ఇడ్లీలతోనే లోపలికి పోయాయి.

నేను చేరి చాలా ఏళ్ళయినా మా బడిలో ఫోన్ల గురించి ప్రత్యేకంగా ఒక రూలంటూ లేదు. పై తరగతుల పిల్లల్లో కొందరు తెచ్చేవాళ్ళు, సంచీల అడుగున దాచుకునేవాళ్ళు, మేం చూసీ చూడనట్టు ఉండేవాళ్ళం. అలా ఉండగా తెలుగు మేష్టారు విశ్వనాథం గారి సంగతి జరిగింది. ఆయన రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి. పద్యం చదివితే వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం తర్వాతి పిరియడులో, పిల్లలకు ప్రశ్నలు రాయమని చెప్పి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కునుకు తీశారు. తల ముందుకు వాలుతోంది, ఉలిక్కిపడి లేస్తోంది, మళ్ళీ వాలుతోంది. పదో తరగతి మహేష్ అనే కుర్రాడు దాన్ని ఫోనులో వీడియో తీసి, వెనకాల గుర్రు చప్పుడు కూడా కలిపి స్నేహితులకు పంపాడు. సాయంత్రానికి ఊరంతా చూసింది. ఆ వారమంతా ఆయన భార్యకు జ్వరమై, రాత్రిళ్ళు ఆసుపత్రిలో ఆయనే కూర్చుంటున్నారు. వీడియోలో అది కనపడదు కదా.

మర్నాడు విశ్వనాథం గారు బడికి వచ్చారుగానీ స్టాఫ్ రూములోకి రాలేదు. వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. తల్లిదండ్రులు కొందరు గొడవకు వచ్చారు. మేష్టార్లు నిద్రపోతున్నారని కొందరు, పిల్లల్ని ఫోన్లతో ఎలా రానిస్తున్నారని ఇంకొందరు. మేడం అందర్నీ శనివారం మీటింగుకు రమ్మన్నారు. ఆ మీటింగులో ఆవిడ లేచి నిలబడి, "ఈ రోజు నుంచి మన తరగతి గదుల్లో ఫోను అనేది వినపడకూడదు, కనపడకూడదు..." అంటుండగానే ఆవిడ సంచీలోంచి కొక్కొరొకో అని కోడి కూసింది. చెల్లెలి మనవడు సెలవులకొచ్చినప్పుడు పెట్టిపోయిన రింగ్‌టోను అది. ఎలా మార్చాలో ఆవిడకు తెలియదు. సంచీ అడుగున ఫోను చేతికి దొరక్క ఆవిడ వెతుకుతుంటే కోడి ఇంకో రెండు సార్లు కూసింది. హాలంతా నవ్వులు. ఇంకొకరైతే సిగ్గుపడేవారు, లేదా కసిరేవారు. ఆవిడ ఫోను తీసి పైకెత్తి అందరికీ చూపించి, "మొదటి ముద్దాయి నేనే అన్నమాట" అన్నారు. మధ్యాహ్న భోజనాల గదిలోంచి ఒక స్టీలు బేసిను తెప్పించి, తన ఫోను అందరికంటే ముందు అందులో పడేశారు. తర్వాత మా వైపు చూశారు. మేం మేష్టార్లందరం ఒక్కొక్కరుగా వెళ్ళి వేశాం. అప్పటి నుంచి పిల్లలు వేయడానికి ఎదురు చెప్పలేదు.

మహేష్‌ని బడిలోంచి పంపేయమని కొందరన్నారు. మేడం ముందు విశ్వనాథం గారినే అడిగారు. "మీకేం కావాలో చెప్పండి మేష్టారూ, అదే చేద్దాం." ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆ కుర్రాడి చదువు పాడు చేయడం నాకిష్టం లేదండి. నన్ను చూసి పిల్లలు నవ్వు బిగబట్టుకోకుండా ఉంటే చాలు" అన్నారు. మేడం మహేష్‌ని పిలిచి, విశ్వనాథం గారి ఎదురుగా నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. తర్వాత వాడి ఫోను బేసినులోంచి తీసి వాడి చేతికే ఇచ్చారు. "ఒరేయ్, మేష్టారు నిద్రపోతే ఊరికి చూపించావు. మేలుకుంటే ఎలా ఉంటారో కూడా చూపించు. పద్యం చదువుతారు, తియ్యి." వాడు తలొంచుకునే ఫోను తెరిచాడు. విశ్వనాథం గారు మాత్రం తన చొక్కా వైపు ఒకసారి చూసుకుని, "రేపు పెట్టుకుందామండి. ఈ చొక్కా బాగాలేదు" అన్నారు. మర్నాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి ఆయన చదివిన పద్యం మొదటి వీడియో వెళ్ళిన ఇళ్ళన్నిటికీ వెళ్ళింది. బస్టాండు దగ్గర టిఫిన్ హోటలాయన ఆయన్ని ఆపి, "మేష్టారూ, మీ పద్యం విన్నామండి, ఏం గొంతండి!" అన్నాడట. ఆ సంగతి మాకు చెబుతూ ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే సర్దుకుని, "అయినాసరే, తరగతిలో ఫోను వద్దండి" అన్నారు. "వద్దండి" అన్నారు మేడం కూడా.

రూలు గట్టిగానే నడిచింది. దాన్ని అందరికంటే ఉత్సాహంగా నడిపినవాణ్ణి నేను. ఒకరోజు పదో తరగతిలో లెక్క చేయిస్తుంటే, మూడో బెంచీలో కీర్తన అనే పిల్ల ఒళ్ళో వెలుగు కనపడింది. నెమ్మదైన పిల్ల, లెక్కల్లో చురుకు. దగ్గరకెళ్ళి చెయ్యి చాపాను. ఇవ్వలేదు. "సార్, ఒక్క నిమిషం సార్" అంది. వద్దన్నట్టు వేలు ఊపాను. ఫోను తీసుకుని, ఆ పిల్లను వెంటబెట్టుకుని మేడం గదికి వెళ్ళాను. జరిగింది చెబుతుండగానే మేడం బల్ల మీద ఆ ఫోను మళ్ళీ వెలిగింది. వీడియో కాల్. మేడం చేతిలోకి తీసుకుని నొక్కారు. తెర మీద ఒకాయన, మెడలో కొలతల టేపు, నోటితో ఒక్క మాట లేకుండా రెండు చేతులతో గబగబా ఏదో చెబుతున్నాడు. పక్కన ఒకావిడ కోపంగా అరుస్తోంది. ఆ అరుపు ఆయనకు అసలు పట్టినట్టే లేదు.

మేడం నా వైపు చూసి, కీర్తన వైపు చూశారు. "ఎవరమ్మా?"

"మా నాన్న మేడం. మా అమ్మకీ నాన్నకీ వినపడదు, మాటలు రావు. స్టేషను దగ్గర టైలరు షాపు మాది. ఎవరైనా గొడవ పడితే నేనే చెప్పాలి."

నేను ఏదో అనబోయాను. మేడం చేత్తో ఆపి, "వద్దు అనే మాట ఎక్కడికీ పోదు మేష్టారూ. సాయంత్రం అన్నా పనిచేస్తుంది. ముందు వినండి" అని, ఫోను నీళ్ళ గ్లాసుకు ఆనించి, కీర్తనను తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల అలా కూర్చోగానే మారిపోయింది. తరగతిలో నోరు మెదపని పిల్ల చేతులు, కళ్ళు, కనుబొమలు అన్నీ మాట్లాడుతున్నాయి. నాన్న చేతుల మాట నోటితో ఆవిడకు చెబుతోంది, ఆవిడ అరుపు చేతులతో నాన్నకు చెబుతోంది, మధ్యలో కొంచెం మెత్తబరుస్తోంది కూడా. సంగతేమిటంటే, ఆవిడ జాకెట్టుకు చేతులు మోచేతి దాకా కావాలందట, వీళ్ళు పొట్టివి పెట్టారట, సాయంత్రం పెళ్ళికి వెళ్ళాలట. ఆ గొంతు విన్న మేడం తెరలోకి తొంగిచూశారు. "ఏమ్మా విజయా, నువ్వా? ఎందుకమ్మా అంత అరుపు, ఆయనకు వినపడదు, నాకు మాత్రం చెవులు పోతున్నాయి." అవతల అరుపు టక్కున ఆగిపోయింది. "అయ్యో మేడం, మీరేంటండీ ఇక్కడ?" అందావిడ. మేడం, "నేను బళ్ళోనే ఉన్నాను, నువ్వే నా గదిలోకొచ్చావు" అన్నారు. మిగిలిన గుడ్డతో చేతులు అతికి, అతుకు మీద లేసు కుట్టి సాయంత్రానికి ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. లేసు సలహా మేడందే.

ఆ సాయంత్రం స్టాఫ్ మీటింగులో మాత్రం ఎవరూ నవ్వలేదు. విశ్వనాథం గారు లేచి, "ఆ పిల్ల మీద నాకు జాలి ఉందండి. కానీ ఒకరికి ఇస్తే రేపు ప్రతివాడికీ ఒక కారణం ఉంటుంది. నా మొహం ఊరంతా తిరిగినప్పుడు నాకెలా ఉందో మీకు తెలియదు" అన్నారు. నేనూ ఆయన పక్షమే. రూలు అందరికీ ఒకటే కావాలన్నాను. మేడం కీర్తనను పిలిపించి, నువ్వేమంటావమ్మా అని అడిగారు. ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. "మీరు చెప్పింది నిజమే మేడం. మిగతావాళ్ళకు కష్టంగా ఉంటుంది. నేను బడి మానేసి షాపులో కూర్చుంటాను. పరీక్షలు ప్రైవేటుగా రాసుకుంటాను" అంది, ఎప్పుడో తేల్చుకున్న సంగతిలా.

మేడం అందుకు ఒప్పుకోలేదు. ముందుగా ఒక ఏర్పాటు చేశారు. కీర్తన ఫోను బేసినులో కాకుండా మేడం బల్ల మీద ఉంటుంది. వెలిగినప్పుడల్లా మేడమే వెళ్ళి ఆ పిల్లను తరగతిలోంచి తీసుకొస్తారు. హెడ్మిస్ట్రెస్ పరుగెత్తుకుంటూ రావడం, కీర్తన పరుగెత్తుకుంటూ వెళ్ళడం బడిలో రోజూ చూసే దృశ్యమైపోయింది. నా పిరియడులో ఆ పిల్ల సగం లెక్క విని వెళ్ళేది, తిరిగి వచ్చేసరికి ఇంకో లెక్క సగంలో ఉండేది. మార్కులు పడిపోయాయి. ఆ సంగతి చెప్పినప్పుడు మేడం, "పదండి, ఆ షాపేంటో చూసొద్దాం. ఎటూ మీ బండి అక్కడే ఎక్కాలి కదా" అన్నారు.

చిన్న షాపు. రెండు మిషన్లు, గోడకు అద్దం, కొక్కేలకు వేలాడుతున్న జాకెట్లు. కీర్తన నాన్న దానియేలు, అమ్మ సుగుణ. మమ్మల్ని చూసి లేచి స్టూళ్ళు వేశారు. సుగుణ నన్ను చూసి కూతురితో చేత్తో ఏదో అంది, కీర్తన నవ్వాపుకుంది. ఏంటని అడిగితే ఏం లేదు సార్ అంది. మేడం మూలన స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడడం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళూ అరిచేవాళ్ళే. గట్టిగా అరిస్తే వినపడుతుందన్నట్టు మిషను మీదకు వంగి మరీ అరిచేవాళ్ళు. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే. ఎప్పుడిస్తారు, చేతులు ఎంత పొడవు, మెడ గుండ్రమా పలకా, లైనింగు వేశారా లేదా. కాసేపు చూసి మేడం కీర్తనను దగ్గరకు పిలిచి, నా జాకెట్టు ఎప్పుడిస్తారు అని చేతులతో ఎలా అడగాలో చూపించమన్నారు. రెండు సార్లు చూసి, లేచి సుగుణ ఎదురుగా నిలబడి పరీక్షలో పద్యం ఒప్పజెప్పే పిల్లలా జాగ్రత్తగా చేశారు. సుగుణ కళ్ళు పెద్దవి చేసింది. మిషను పట్టుకుని వంగిపోయి మరీ నవ్వింది. దానియేలు అటు తిరిగి నవ్వాడు.

"ఏంటమ్మా, ఏమన్నాను?" అన్నారు మేడం.

కీర్తన తలొంచుకుని, "మేడం, మీరు జాకెట్టు ఎప్పుడని అడగలేదు మేడం. నా పెళ్ళెప్పుడని అడిగారు" అంది.

మేడం ఏమాత్రం తగ్గలేదు. "అదీ అడగదగ్గ ప్రశ్నే. ఏమంటుంది మీ అమ్మ?"

సుగుణ చేతులు కదిలాయి. కీర్తన చెప్పింది. "ముందు కొలతలివ్వమంటోంది మేడం."

స్టేషను వైపు నడుస్తున్నంతసేపూ మేడం తలుచుకుని తలుచుకుని నవ్వారు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక మాత్రం గొంతు మార్చి అన్నారు. "ఇన్నాళ్ళూ మనం ఫోను గురించే కొట్టుకున్నాం మేష్టారూ. ఇంత ఊళ్ళో ఆ ఇద్దరితో మాట్లాడగలిగేది ఆ పిల్ల ఒక్కతే. అందుకే గదా దాన్ని తరగతిలోంచి లాగుతున్నారు. ఇంకో నలుగురు మాట్లాడితే ఫోను దానంతటదే ఊరుకుంటుంది." నాకు నమ్మకం కలగలేదు. బండి వచ్చింది, ఎక్కేశాను.

తర్వాతి శనివారం చివరి పిరియడుకు దానియేలు, సుగుణ మా బడికి వచ్చారు. మేడం పదో తరగతితో పాటు బెంచీ మీద కూర్చున్నారు. కీర్తన మధ్యలో నిలబడింది. నీళ్ళు, అన్నం, రేపు, ఎల్లుండి, పొడవు, పొట్టి, బాగుంది, బాగాలేదు. మొదట పిల్లలు కిచకిచ నవ్వారు. తర్వాత పోటీ పడ్డారు. వీడియో తీసిన మహేష్ అందరికంటే త్వరగా పట్టేశాడు. అలా ప్రతి శనివారం జరిగింది. విశ్వనాథం గారు మొదటి వారం రాలేదు. రెండో వారం వరండాలో అటూ ఇటూ తిరిగారు. తర్వాత గుమ్మంలోకొచ్చి, "ఒక సందేహమండి. ఇందులో కర్త ముందొస్తుందా, క్రియ ముందొస్తుందా?" అని అడిగారు. కీర్తన అడిగి చెప్పింది. ఆయన లోపలికొచ్చి కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. "భాషేనండి ఇది, సందేహం లేదు" అని స్టాఫ్ రూములో మా అందరికీ చెప్పారు, మేమేదో కాదన్నట్టు.

పిల్లలు ఇళ్ళకు వెళ్ళి అమ్మలకు, అక్కలకు, పిన్నులకు నేర్పారు. వాళ్ళు జాకెట్లిచ్చే షాపే కదా అది. మేడం మెడల రకాలు, చేతుల పొడవులు బొమ్మలు గీయించి ఒక అట్టను షాపు గోడకు పెట్టించారు. చూస్తుండగానే మేడం బల్ల మీద ఫోను వెలగడం తగ్గింది. కొన్ని రోజులైతే అసలు వెలిగేదే కాదు. కీర్తన లెక్కలు మొదటి నుంచి చివరిదాకా విని, మళ్ళీ ముందుకొచ్చింది.

నా తరగతి కూడా మారింది. మునుపు బోర్డు వైపు తిరిగితే వెనక గుసగుసలుండేవి. ఇప్పుడు సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. నాకు గర్వంగా ఉండేది. మేడం దగ్గరకు వెళ్ళి, ఫోన్లు తీసేశాక పిల్లలకు ఎంత శ్రద్ధ పెరిగిందో మీరొచ్చి చూడాలండి అన్నాను. ఆవిడ వచ్చి కిటికీ బయట నిలబడ్డారు. నేను బోర్డు మీద రాస్తున్నాను. ఉన్నట్టుండి వరండాలోంచి పెద్ద నవ్వు. బయటికెళ్తే ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు. "మేష్టారూ, మీరు అటు తిరిగిన మరుక్షణం ఇక్కడ సంత. మొదటి బెంచీ ఆకలేస్తోందంటోంది, మూడో బెంచీ సినిమాకెళ్దామంటోంది. మీ గురించి కూడా ఏదో అంటున్నారు, నాకింకా అంత రాలేదు."

అది అక్కడితో ఆగలేదు. ఆ నెల లెక్కల పరీక్షలో ఒక జవాబు ఎనిమిది రావాలి. దాదాపు తరగతంతా ఏడు వేసింది. ఒకే తప్పు, ఒకే చోట. చేతి సైగను ఎవరో తప్పుగా చదివి వెనక్కి పంపారన్నమాట. పేపర్లన్నీ తీసుకెళ్ళి మేడం ముందు పెట్టాను. "చూడండి, ఫోను ఒక్కటి తీసేస్తే ఏం వచ్చిపడిందో" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, పేపర్లు చూసి, "ఫోన్లయితే దాచాం. చేతులెక్కడ దాస్తాం మేష్టారూ?" అన్నారు. అయితే వదిలిపెట్టలేదు. తర్వాతి పరీక్ష రోజున పిల్లలు పేపరు అందుకుని తలెత్తి చూసేసరికి, నా పక్కన కుర్చీలో సుగుణ కూర్చుని ఉంది. ఒళ్ళో కుట్టుపని పెట్టుకుని, గుండీలు కుడుతూ, మధ్యమధ్య తలెత్తి గదంతా ఒకసారి కలియజూస్తోంది. ఆవిడ ముందు చేత్తో అబద్ధం ఆడగలిగేవాళ్ళు ఎవరున్నారు? అంత చక్కగా చేతులన్నీ బల్లల మీద ఉన్న పరీక్ష నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ మహేష్ దగ్గర ఆగి, బాగుంది అని చేత్తో చెప్పింది. వాడు సిగ్గుపడ్డాడు.

కీర్తన మంచి మార్కులతో పాసై తెనాలిలో ఇంటర్‌లో చేరింది. ఆ మరుసటి ఏడాది మేడం రిటైరయ్యారు. దండలు వద్దని, పొగడ్తలు వద్దని చెప్పినా ఎవరూ వినలేదు. విశ్వనాథం గారు అప్పటికే రిటైరై ఉన్నా వచ్చి పద్యం చదివారు. చివర్లో మేడం మాట్లాడి కూర్చున్నారు. చప్పట్లు వస్తాయనుకున్నాను. ముందు వరసలో కూర్చున్న దానియేలు, సుగుణ రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించారు. వినపడని వాళ్ళ చప్పట్లు అవి. వాళ్ళ వెనక కీర్తన, మహేష్, వాళ్ళ వెనక పిల్లలు, తల్లులు, మేం. హాలు నిండా చేతులు, ఆకుల్లా ఆడుతున్న వేళ్ళు, ఒక్క చప్పుడు లేదు. దయామణి మేడం తిరిగి లేచారు. ఆవిడా చేతులెత్తి ఆడించారు.

ఆ రోజు భోజనాల దగ్గర కీర్తన ఒక సంగతి చెప్పింది. వాళ్ళ అమ్మానాన్నలు మనుషుల్ని అక్షరాలతో పిలవరట. ఒక్కొక్కరికి ఒక్కొక్క సైగ పేరుగా పెట్టుకుంటారట. విశ్వనాథం గారి పేరు చొక్కా కాలరు సర్దుకోవడం. మేడం పేరు అరచెయ్యి దొప్పలా చేసి చెవి వెనక పెట్టుకోవడం. వినే మనిషి అని. జీవితంలో ఒక్క మాట వినని ఇద్దరు ఆ పేరు పెట్టారు. మరి నా పేరేంటమ్మా అని అడిగాను. కీర్తన చెప్పనంది. మేడం గదమాయిస్తే, చూపుడు వేలు నిలబెట్టి అటూ ఇటూ ఊపింది. వద్దు మేష్టారు. ఫోను పట్టుబడిన రోజు తరగతిలో నేను వేలు ఊపడం, అప్పటికే ఆ పిల్ల ఒళ్ళో తెరుచుకుని ఉన్న వీడియో కాల్‌లో దానియేలు చూశాడట. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ ఆకులో అన్నం అటూ ఇటూ కెలుకుతూ ఉండిపోయాను. మేడం నా ఆకులోకి ఇంకొంచెం పప్పు వేసి, "దిగులు పడకండి మేష్టారూ. ఆ పేరు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టక్కర్లేదు" అన్నారు.

ఇప్పుడు మేడం కర్లపాలెంలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. వీలైనప్పుడు ఆదివారం వెళ్ళి చూసొస్తుంటాను. తరగతిలో ఫోను ఉండాలా వద్దా అని నా స్టాఫ్ అడిగితే, వద్దనే అంటాను. ఆవిడా అదే అనేవారు. కానీ ఫోనుతో పట్టుబడ్డ ప్రతి పిల్లకీ, పిల్లాడికీ నా గదిలో ఒక కుర్చీ ఉంటుంది. కూర్చోబెట్టి, ఆ ఫోను అవతల ఎవరున్నారని అడుగుతాను. పదిమందిలో తొమ్మిదిమందికి అవతల ఉన్నది ఏదో గేమో, సినిమా పాటో. పదో పిల్ల కోసం మిగతా తొమ్మిదిమంది కథలూ ఓపికగా వింటాను. ఆ ఓపిక నాకు పుట్టుకతో వచ్చింది కాదు.

పోయిన నెల పనుండి రేపల్లె వెళ్ళి, దానియేలు షాపు ముందు ఆగాను. స్టూలు మీద కూర్చుని ఆయన చేతులతో చెప్పిందంతా చివరిదాకా చూశాను, అర్థం కాని చోట మళ్ళీ అడిగాను. కీర్తన ఊళ్ళో లేదు, డిగ్రీ చదువుతూ ఆసుపత్రిలో వినపడని వాళ్ళకు మాట సాయం చేస్తోందట. షాపులో ఎవరో కొత్తాయన కూర్చుని ఉన్నాడు, ఆయనకూ వినపడదు. ఎవరీయన అన్నట్టు నన్ను చూపించి అడిగాడు. దానియేలు చూపుడు వేలు నిలబెట్టి రెండు సార్లు అటూ ఇటూ ఊపాడు. నాకు నవ్వూ దిగులూ కలిసి వచ్చాయి. అంతలో ఆయన ఒక్క క్షణం ఆగి, నన్ను తేరిపార చూసి, ఊపుతున్న ఆ చేతిని నెమ్మదిగా విప్పి, అరచెయ్యి దొప్పలా చేసి చెవి వెనకకు తీసుకెళ్ళాడు.